పెద్దమ్మకు ఇచ్చిన ఏళ్ళు

"డాక్టరు చెప్పేలోపు నువ్వే చెప్పెయ్యవే, నన్ను ఇంకోసారి అందులో వేసి," అంది హూరియా పెద్దమ్మ, ఫెదర్‌స్టన్ స్టేషన్లో రైలు ఇంకా కదలకముందే, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడమన్నంత తేలిగ్గా, అనేసి కోటు బొత్తాలు పెట్టుకుంటూ కిటికీవైపు తిరిగింది. అందులో అంటే రిపెకా ఒళ్ళో మూసి ఉన్న ల్యాప్‌టాప్‌లో. రిపెకా విననట్టు నటించింది, ఈ నటనలు పెద్దమ్మ దగ్గర ఏనాడూ సాగలేదని తెలిసి కూడా, చిన్నప్పుడు కడుపునొప్పి అని బడి ఎగ్గొట్టబోతే సాగలేదు, తల నెరుస్తున్న వయసులో ఇప్పుడు సాగుతుందా, అయినా సంచిలోంచి ఫ్లాస్కు తీసి, "ముందు టీ తాగు పెద్దమ్మా, వేడిగా ఉంది," అంది. పెద్దమ్మ టీ అందుకుంది గాని తాగలేదు, కప్పును రెండు చేతుల మధ్యా పెట్టుకుని కూర్చుంది. వెల్లింగ్టన్ చేరడానికి గంట పైచిలుకు, అక్కడినుంచి బస్సు, బస్సు దిగితే ఆసుపత్రి, అందులో ఏదో అంతస్తు, ఏదో గది, ఆ గదిలో ఇంతవరకు మొహం చూడని డాక్టరు. స్కాన్ తీసిన వారంలోనే ఫోన్ చేశారు, వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్ళను ఎవరినైనా వెంటబెట్టుకుని రండి అని, గొంతు చాలా మర్యాదగా ఉందట, ఆ మర్యాదే పెద్దమ్మకు నచ్చలేదట. మంచి కబురు చెప్పడానికి ఎవరూ ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకు రమ్మనరు. ఆ సంగతి పెద్దమ్మకూ తెలుసు, రిపెకాకూ తెలుసు, నిన్న సాయంత్రం రిపెకా ఊరికి వచ్చాక ఇద్దరూ దాని ఊసెత్తకుండా చేప వేయించుకు తిని, పక్కింటివాళ్ళ కుక్క గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు.

రైలు కదిలింది, పొలాల మీద మంచు తెల్లగా ఉంది, గొర్రెలు కంచెల వారగా ముడుచుకుని ఉన్నాయి, ఒక ఇంటి పొగగొట్టంలోంచి పొగ గాలికి అడ్డంగా పోతోంది. రిపెకా ఏం పని చేస్తుందని ఊళ్ళో ఎవరడిగినా పెద్దమ్మే ముందు జవాబు చెప్పేది, "మా పిల్ల వెల్లింగ్టన్లో చావులెక్కలు రాస్తుంది," అని, అందులో వెటకారం ఎంతో గర్వం ఎంతో ఎవరికీ తేలేది కాదు. అబద్ధమూ కాదు. కొత్త మందో కొత్త పరీక్షో వస్తుంది, సర్కారు దగ్గరున్నది అందరికీ అన్నిటికీ చాలదు, దీనికి పెడితే దేనికి కోత పడుతుంది, పెట్టినందుకు జనానికి ఎన్నేళ్ళు కలిసొస్తాయి, ఆ ఏళ్ళు మంచంమీద గడిపేవా తోటపని చేసుకునేవా, ఇదీ ఆ లెక్క. ఒక వెయ్యిమందిని ఊహించుకోవాలి. బాగున్నవాళ్ళు ఒక గదిలో, జబ్బుపడ్డవాళ్ళు ఒక గదిలో, పోయినవాళ్ళు ఒక గదిలో, ఏడాది తిరిగేసరికి కొందరు ఇటునుంచి అటు జరుగుతారు, చివరి గదిలోకి వెళ్ళడమే గాని రావడం ఉండదు. ఆ వెయ్యిమందికీ మొహాలు ఉండకూడదు, ఉంటే లెక్క సాగదు, ఆమె ఎందరికో పాఠం చెప్పేటప్పుడు మొదట చెప్పే మాట అదే, కానీ రిపెకాకు మొదటినుంచీ వాళ్ళు తమ మావోరీ కుటుంబాలన్నీ చేరే మరాయె ముంగిట్లో, సభా ఇంటి ఎదుట గడ్డిలో, ఎండకు చేతులు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నట్టే కనిపించేవాళ్ళు. ఎవరో ఒకరు ఎప్పుడూ గిన్నెలు తుడిచే టీ టవల్ భుజాన వేసుకుని ఉండేవాళ్ళు.

ఇదంతా రాసే భాష పేరు ఒక్క అక్షరం, ఆర్. ఆక్లండ్ యూనివర్సిటీలో ఇద్దరు మాస్టార్లు దాన్ని తయారుచేసి, ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోండని లోకానికి ఊరికే వదిలేశారు. కొనక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరు రాసిన లెక్కనైనా ఎవరైనా విప్పి చూడవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. ఆ ఇద్దరిలో ఒకాయన నెత్తురు మనదే, మావోరీదేనని రిపెకా చెప్పినప్పుడు పెద్దమ్మ చేతిలోని కత్తి ఆగిపోయింది, "అదీ సంగతి! ఊరికే ఇచ్చేశారన్నప్పుడే అనుకున్నా, అందులో మనవాడెవడో ఉండే ఉంటాడని," అంది. ఎంత నవ్వారో ఆ రోజు. నవ్వుతూనే ఆ రోజు ఆ పని జరిగిపోయింది, నవ్వుతూ చేసింది కనుకనే కాబోలు అప్పుడు బరువు తెలియలేదు.

సొరంగం వచ్చింది. రిముటాకా కొండ కింద రైలు పోతున్నంతసేపూ కిటికీలో మన మొహమే మనకు కనిపిస్తుంది, పెద్దమ్మ మొహం పక్కన తన మొహం, దవడ ఎముకలు ఒకటే, ముక్కు ఒకటే, పెద్దమ్మ బుగ్గలు మాత్రం ఈ రెండు నెలల్లో లోపలికి పోయాయి, కోటు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు వేలాడుతోంది. ఆ కోటు పోయినేడాది బిగుతుగా ఉందని తిట్టుకునేది. "ఏం చేస్తున్నావే?" అంది పెద్దమ్మ అద్దంలోని రిపెకాను చూస్తూ. "ఇక్కడ సిగ్నల్ లేదు పెద్దమ్మా, కొండ దాటాక చూద్దాం." "సిగ్నల్ అక్కర్లేదన్నావు కదే ఆ రోజు? అంతా మిషన్లోనే ఉంటుంది, పాతాళంలో కూర్చున్నా పనిచేస్తుందని గొప్పలు పోయావు. ఇప్పుడు పాతాళంలోనే ఉన్నాం, చెయ్యి మరి." పెద్దమ్మ దగ్గింది. ఆ దగ్గు సొరంగంలో మరీ పెద్దగా వినిపించింది, ఎదుటి సీట్లో పడుకున్నాయన కళ్ళు తెరిచి, మర్యాదకు మళ్ళీ మూసుకున్నాడు.

ఆ రోజంటే పోయిన ఎండాకాలం, జనవరిలో, ఎవరి మనవరాలిదో ఇరవయ్యొకటో పుట్టినరోజు, మరాయె వంటింట్లో ముసలమ్మలందరూ పొద్దున్నే చేరారు, ఒకరు బంగాళాదుంపలు, ఒకరు చిలగడదుంపలు, సింకు నిండా నీళ్ళు, నీళ్ళ నిండా తొక్కలు, రేడియోలో పాత పాటలు. రిపెకా కూడా కత్తి పట్టుకుంది గాని ఆమె తీసిన తొక్కలు మందంగా ఉన్నాయని, "నువ్వు తీసే తొక్కతో ఇంకో కుటుంబం బతుకుతుంది," అని కత్తి లాక్కుని బల్ల చివరికి తరిమేశారు. ఆమె ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది, ఊపిరితిత్తుల స్కాన్ బండి లెక్క అప్పుడే మొదలైంది, పెద్ద లారీలో స్కాన్ మిషన్ పెట్టి చిన్న ఊళ్ళకు తిప్పితే ఎలా ఉంటుందని. పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి భుజం మీంచి చూసింది. అంకెలు కిందికి జారిపోతున్నాయి. ఇందులో మేమంతా ఉన్నామా అంది. ఉన్నట్టే పెద్దమ్మా, పేర్లు ఉండవు. అయితే నన్ను పేరుతో వెయ్యి. అలా వెయ్యరు పెద్దమ్మా, ఇది వెయ్యిమందికి. నన్నే వెయ్యిసార్లు వెయ్యవే, నీ సొమ్మేం పోయింది, అంది, వంటిల్లంతా గొల్లున నవ్వింది. వయసు, ఆడమనిషి, సిగరెట్లు మానేసి ఎన్నేళ్ళయింది అని రిపెకా అడుగుతుంటే పెద్దమ్మ చెబుతోంది, మానేసిన ఏడాది దగ్గర అబద్ధం చెప్పబోతే మిగతావాళ్ళు పట్టేసుకున్నారు. మోకాళ్ళ నొప్పులున్న ఏడాదిని ముప్పావు ఏడాదిగానే లెక్కపెడతారని తెలిసి పెద్దమ్మకు నిజంగానే కోపం వచ్చింది, "నా ఏడాది ముప్పావని చెప్పడానికి వాళ్ళెవరే? వాళ్ళ మోకాళ్ళు తెమ్మను చూద్దాం," అంది. ఆఖరుకు ఎన్నో ఏటిదాకా బతుకుతుందో ఆ అంకె వచ్చింది. ఎనభై ఎనిమిది.

ఎనభై ఎనిమిది అని రిపెకా పైకి చదవగానే పెద్దమ్మ టీ టవల్ తలమీద తిప్పుతూ వంటింటి మధ్యలో ఒక చుట్టు చుట్టింది. తర్వాత అందరూ నన్ను వెయ్యి, నన్ను వెయ్యి అన్నారు, తడిచేతులతో వరస కట్టారు, రిపెకా అందరినీ వేసింది, అందరికీ మంచి అంకెలే వచ్చాయి. రావూ మరి. ఆ ప్రోగ్రాంలో పైనుంచి కాస్త కిందికి ఒక వాక్యం ఉంది, ఏ పట్టిక చదవాలో చెప్పే వాక్యం. ఈ దేశంలో ఏ వయసువాళ్ళు ఏటా ఎంతమంది పోతారో చెప్పే పట్టికలు రెండు, తెల్లవాళ్ళకు ఒకటి, మావోరీలకు ఒకటి. మనవాళ్ళు అయిదారేళ్ళు ముందే పోతారు, గుండె, చక్కెర, చెమ్మ పట్టిన ఇళ్ళు, ఆలస్యంగా అందే వైద్యం, కారణాలు చెప్పుకుంటూ పోతే రైలు ఆక్లండ్ దాకా పోయినా తెమలవు. లెక్కలో మన పట్టిక పెడితే ఏమవుతుందంటే, స్కాన్ చేసి ఒక మావోరీ ఆవిడను కేన్సర్ నుంచి కాపాడినా, ఆమె మరికొన్నాళ్ళకే ఇంకోదానితో పోతుంది గనక, కలిసొచ్చే ఏళ్ళు తక్కువ, గనక బండి తిప్పడం దండగ. ముందే తక్కువ బతికేవాళ్ళను, తక్కువ బతుకుతున్నారన్న నేరానికే మళ్ళీ పక్కన పెట్టడం. ఆ న్యాయం రిపెకాకు గొంతు దిగలేదు. అందుకని మనవాళ్ళను లెక్కించేటప్పుడు కూడా తెల్లవాళ్ళ పట్టికే చదవమని ఆ వాక్యం రాసింది, పక్కన చదివేవాళ్ళ కోసం ఒక మాట కూడా పెట్టింది, ఈ ఏళ్ళు మనవాళ్ళకూ రావలసినవే అని. పైఅధికారి అలస్టేర్ అది చూసి కళ్ళజోడు నుదుటిమీదికి ఎత్తుకుని, "ఇది లెక్కా రిపెకా, కోరికా?" అన్నాడు. "రెండూ," అంది ఆమె. ఆయన మంచివాడే, ఒప్పుకున్నాడు. ఎక్కడో సముద్రాల అవతల బొగోటా నుంచి ఎవరో చదువుకునే పిల్ల ఆ ప్రోగ్రాం దింపుకుని, మా కొండజాతులకు కూడా ఇలా పెట్టవచ్చా అని ఉత్తరం రాస్తే, ఆ రోజంతా రిపెకా కాళ్ళు నేలమీద నిలవలేదు.

ఆ వాక్యం కోసం పోట్లాడినందుకు ఇప్పటికీ విచారం లేదు, రేపు మళ్ళీ అడిగినా అదే రాస్తుంది. కానీ వంటింట్లో, పెద్దమ్మ వయసు టైపు చేస్తున్నప్పుడు, ఆ వాక్యం కంటిముందే ఉంది. చూసింది. చూడలేదని తనకు తాను చెప్పుకోవడానికి ఈ రెండు నెలలూ ప్రయత్నించింది గాని చూసింది. ఒక్క మాట మారిస్తే పెద్దమ్మ పట్టిక వచ్చేది, ఎనభై ఎనిమిది కాస్తా ఎనభై రెండో ఎనభై ఒకటో అయ్యేది, కానీ అందరూ చూస్తున్నారు, పెద్దమ్మ ఊపిరి మెడమీద వెచ్చగా తగులుతోంది, ఈవిడకు నేను తక్కువ ఎందుకివ్వాలి అనిపించింది, అంతే, ఆ క్షణంలో అది న్యాయం లాగానే ఉంది. వెయ్యిమందికి న్యాయమైన మాట ఒక్క మనిషికి చెబితే అబద్ధమవుతుందని ఆమెకు తట్టలేదు. తట్టవలసింది. ఆమె చదివిన చదువంతా దానికోసమే కదా.

సొరంగం అయిపోయింది, కళ్ళమీద వెలుగు పడింది, మేమోర్న్‌లో రైలు ఆగింది, ఎవరూ ఎక్కలేదు. చలికాలపు చెట్లు, తడి ఇనుపరేకులు. దగ్గు మొదలైంది ఏప్రిల్లో. ఫోన్లో వినిపించేది, మాట మధ్యలో, మొదట జలుబంది, తర్వాత ఫిజోవా పళ్ళు ఎక్కువ తిన్నానంది, పళ్ళకూ దగ్గుకూ ఏమిటి సంబంధం అంటే నీకేం తెలుసు అంది. ఊళ్ళో నర్సు రెండుసార్లు చీటీ రాసిచ్చింది, కొండ అవతలికి వెళ్ళి స్కాన్ తీయించుకోమని. పెద్దమ్మ ఆ చీటీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టింది. ఎందుకు వెళ్ళలేదని రిపెకా ఫోన్లో గదమాయిస్తే, "ఎనభై ఎనిమిది ఉందిగా, తొందరేం?" అనేది, నవ్వేది, ఆ నవ్వు దగ్గులోకి దిగేది. రిపెకా కూడా నవ్వింది. నవ్విందని గుర్తు. ఆఫీసులో ఆ బండి లెక్కే నడుస్తోంది, ఏదో సంఖ్య అయిదువేల సార్లు తిరిగి తిరిగి తేలాలి, తేలుతున్నంతసేపూ తెరవైపే చూస్తూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, సరే పెద్దమ్మా వచ్చేవారం వస్తాను, నేనే తీసుకెళ్తాను అంది. వచ్చేవారం ఇంకో లెక్క వచ్చింది. చివరికి జూన్ ఆఖర్లో ఆ నర్సే పెద్దమ్మను కారెక్కించుకుని స్కాన్‌కి తీసుకెళ్ళింది. ఆ బండే గనక మరాయె ముంగిట్లోకి వచ్చి ఆగి ఉంటే పెద్దమ్మ టీ టవల్ భుజాన ఉండగానే వెళ్ళి ఆ గొట్టంలో పడుకుని, లేచి వచ్చి మళ్ళీ దుంపలు చెక్కేది. బండి రావాలనే కదా ఆ లెక్క వేసింది. ఆ లెక్క వేస్తూ కూర్చున్నందుకే కదా తను రాలేకపోయింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా రిపెకాకు తనమీద తనకు అసహ్యం వేస్తోంది.

ఎనభై రెండని నిజమే చెప్పి ఉంటే మాత్రం వెళ్ళేదా? ఎనభై రెండు ఉందిగా, తొందరేం అనేది కాదూ? తేడా ఆరేళ్ళే కదా. కానీ ఆ వాదన ఎన్నిసార్లు వేసుకున్నా నిలబడటం లేదు, అంకె చిన్నదైతే భయం ఉండేదేమో, ఇంత బొద్దుగా గుండ్రంగా ఉండేది కాదేమో. లెక్కలో ఒక చిన్న సర్దుబాటు ఉంటుంది, జనం ఏడాది ఆఖరి రోజున కట్టగట్టుకుని పోరు, నడుమ ఎప్పుడో పోతారు, కాబట్టి ఆ ఏటి కింద వాళ్ళకు అరఏడాది కలపాలి. చదువుకునే రోజుల్లో ఆ సర్దుబాటు అంటే రిపెకాకు చాలా ఇష్టం, లెక్కకు కూడా కాస్త జాలి ఉన్నట్టనిపించేది, ఎందుకంటే పెదనాన్న సరిగ్గా జూన్‌లో పోయాడు, అమ్మ కూడా ఇక్కడ ఏడాది నడుమ వచ్చే శీతాకాలంలోనే. అమ్మ పోయినప్పుడు రిపెకా ఏడో క్లాసు. టంగి, అంటే ఆ సంతాపపు రోజులు, అయ్యాక జనమంతా వెళ్ళిపోయాక ఈ పెద్దమ్మే బట్టల మూట ఒక చేత్తో, రిపెకాను ఒక చేత్తో పట్టుకుని తన ఇంటికి తెచ్చుకుంది, ఎవరినీ అడగలేదు, ఎవరూ ఆవిడను అడగలేదు. ఆ రాత్రి బంగాళాదుంప గుజ్జుతో పులియబెట్టిన రేవెనా రొట్టె కాల్చి, వెన్న దండిగా రాసిచ్చి, తింటావా లేక నేనే తినెయ్యనా అంది. అంతే, ఓదార్పు మాట ఒక్కటి లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రొట్టె వాసన వస్తే రిపెకాకు ఏడుపు, ఆకలి ఒకేసారి వస్తాయి.

అప్పర్ హట్‌లో జనం ఎక్కారు, తడిగొడుగులు, కాఫీ వాసన, బడిపిల్లలు, ఒక పిల్ల పెద్దమ్మ పక్కన నిలబడితే పెద్దమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని చోటిచ్చింది, ఐస్‌క్రీం డబ్బాలోంచి రొట్టె ముక్క తీసి ఆ పిల్లకు కూడా పెట్టబోయింది, పిల్ల సిగ్గుపడి వద్దని తర్వాతి స్టేషన్లోనే దిగిపోయింది. ఆ సీటు దగ్గర మళ్ళీ ఇద్దరే మిగిలారు. "ఇప్పుడు కొండ దాటాం," అంది పెద్దమ్మ. రిపెకా ల్యాప్‌టాప్ మూతమీద చెయ్యి వేసింది, తీసింది. "ఇప్పుడు నిన్ను వెయ్యాలంటే దశ కావాలి పెద్దమ్మా. మొదటిదా, రెండోదా, ఎంతవరకు పాకిందో తెలియకుండా వెయ్యలేను. అది డాక్టరే చెప్పాలి." ఇది మాత్రం నిజం, ఈ ప్రయాణంలో ఆమె చెప్పిన మొదటి నిజం, చెప్పాక కాస్త ఊపిరి ఆడింది. పెద్దమ్మ రొట్టె డబ్బా మూత నిదానంగా, నాలుగు మూలలా నొక్కి బిగించింది. "ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకు రమ్మన్నారు. నీ మిషన్లో అది ఏ దశే?" అంది.

రిపెకా ల్యాప్‌టాప్ తెరిచింది. సంకేతపదం రెండుసార్లు తప్పు కొట్టింది. ప్రోగ్రాం తెరుచుకుంది, ఎన్నేళ్ళుగానో ఇంటి మెట్లలా తెలిసిన వాక్యాలు, పైనుంచి కాస్త కిందికి ఆ వాక్యం, దాని పక్కన ఆ మాట. పెటోనీ దాటాక పట్టాలు సముద్రం అంచునే పోతాయి, కిటికీ నిండా బూడిదరంగు నీళ్ళు, దూరంగా ద్వీపం, గాలికి నీళ్ళు రాళ్ళమీద పడుతున్నాయి. చెప్పేదేదో ఇప్పుడే చెప్పాలి, ఆ గదిలోకి వెళ్ళాక చెప్పడానికి ఏమీ ఉండదు, ఆ డాక్టరు ఏదో అంటాడు, ఎనభై ఎనిమిది ఉందన్నావు కదే అని పెద్దమ్మ ఇటు తిరుగుతుంది, ఆ చూపును అక్కడ, ఆ కొత్త మనిషి ఎదుట భరించడం తనవల్ల కాదు. "పెద్దమ్మా, ఆ రోజు నీకు నేను వేసింది మన పట్టిక కాదు. తెల్లవాళ్ళది. ఆ ఏళ్ళు నీవి కావు."

"తెలుసు," అంది పెద్దమ్మ.

రైలు చప్పుడులో తప్పు విన్నానేమో అనుకుంది రిపెకా. "తెలుసా? ఎలా తెలుసు?"

"ఎలా ఏమిటే? మన స్మశానంలో రాళ్ళు కడిగేది ఎవరు, నేను కాదూ? ఎనభై ఎనిమిది చెక్కిన ఆడదాని రాయి ఒక్కటి చూపించు. మా అమ్మది అరవై ఒకటి. మీ అమ్మ సంగతి నీకు తెలుసు. ఆ వంటింట్లో అందరికీ తెలుసే, దుంపలు చెక్కుతున్నంత మాత్రాన మాకు లెక్కలు రావనుకున్నావా?"

"మరి తెలిసీ... స్కాన్‌కి ఇన్నాళ్ళు ఎందుకు వెళ్ళలేదు? తొందరేం అన్నావు. ఫోన్ చేసినప్పుడల్లా అదే అన్నావు."

పెద్దమ్మ నీళ్ళవైపు తిరిగింది. "నాకు ఎప్పుడూ ఎవరూ అన్నేళ్ళు ఇవ్వలేదే," అంది. "ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా నా మొహం చూసి ముందే కొంత తగ్గించి మాట్లాడతాడు. నువ్వు అందరి ముందూ పెద్దగా చదివావు. దొంగదని తెలుసు, అయినా బాగుంది. పొద్దున లేచి పొయ్యి వెలిగిస్తూ, ఇంకా ఇరవై ఏళ్ళుందిలే అనుకునేదాన్ని, ఆ ప్లం చెట్టు నాటింది కూడా అప్పుడే. వెళ్ళి ఆ గొట్టంలో పడుకుంటే అది పోతుందని తెలుసు. పోతుందని తెలిసి తెలిసి నా కాళ్ళతో నేను ఎలా వెళ్ళనే?"

రిపెకా ఏమనుకుంది ఇంతసేపూ? మోసపోయిందనుకుంది, ఏమీ తెలియని ముసలమ్మ అంకెను మాటగా నమ్మిందనుకుంది, తన తప్పంతా ఒక వాక్యంలో ఒక మాట మార్చకపోవడమనుకుంది, అలా అనుకోవడంలో కూడా కాస్త పొగరు ఉందని ఇప్పుడు తెలిసింది. ఆవిడ నమ్మి ఆగలేదు. ఇష్టపడి ఆగింది. తను ప్రేమగా ఇచ్చింది, ఆవిడ ప్రేమగా దాచుకుంది, ఇద్దరి మధ్యా ఏప్రిల్, మే, జూన్ పోయాయి. ఇందులో దిద్దడానికి తప్పు ఎక్కడుంది, ఏ వాక్యంలో ఉంది, లోకంలో ఎవరు విప్పి చూసి దిద్దగలరు? కీబోర్డు మీద నీళ్ళు పడ్డాయి, తుడుచుకోలేదు, ముక్కు ఎగబీల్చింది, ఏడో క్లాసులో లాగే చప్పుడుతో.

"ఏడవకే, అది తడిస్తే పాడవుతుంది," అంది పెద్దమ్మ, తన రుమాలు ఇచ్చి. "ఎలాగూ తెరిచావు కదా. ఈసారి మనది వెయ్యి."

రిపెకా ఆ వాక్యంలో ఒక్క మాట మార్చింది. వయసు, ఆడమనిషి, మానేసిన ఏడాది, ఈసారి నిజం ఏడాది. దశ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకు రమ్మనే దశ ఏదో ఆ అంకె వేసింది. తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు, ఒక్కరి లెక్కే కదా. రైలు వేగం తగ్గింది, పట్టాలు చీలుతున్నాయి, రేవులో క్రేన్లు, స్టేషన్ కప్పు కనిపిస్తున్నాయి, జనం లేచి కోట్లు తొడుక్కుంటున్నారు.

"ఎంత?"

"సగటున పెద్దమ్మా, ఇది సగటు, అంటే..."

"సగటు నీ ఆఫీసులో చెప్పుకో. నాకు ఎంత?"

"ఏడాదిన్నర."

పెద్దమ్మ పెదవులు ఆ మాటను చప్పుడు లేకుండా ఒకసారి పలికాయి. ధైర్యం చెబుతుందేమో, ఏదో ఒక వేళాకోళం ఆడుతుందేమో, టీ టవల్ తిప్పినట్టు ఏదో ఒకటి చేసి దీన్ని కూడా దాటించేస్తుందేమో అని రిపెకా ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఈ ముప్పైయేళ్ళలో ఆవిడ దాటించనిది లేదు.

"చాలదే," అంది పెద్దమ్మ.

రైలు ఆగింది. పెట్టెలోవాళ్ళందరూ దిగిపోయారు. ఆఖరి స్టేషన్ అమ్మా, దిగాలి అని గార్డు ఒకసారి తలుపు దగ్గరినుంచి చెప్పి, ఇద్దరినీ చూసి, ముందుకు వెళ్ళిపోయాడు. రిపెకా పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు.